అద్దం మీది అక్షరాలు

ఎడ్లబండికి తోలు వార్లు మా తాత కోసిచ్చేవాడు. చెర్నాకోల అల్లేవాడు. మోటబావికి బొక్కెన కుట్టేవాడు. అందుకు పంట కల్లం కాడ నాలుగు కుంచాల మేర. తను కోసిన వార్లతో బిగించిన బండి మీద మాత్రం ఆయన ఎన్నడూ కూర్చోలేదు, వెనక నడిచిండు. లందలో నానిన తోలు పటేలు ఎడ్ల మెడకు అంటు గాలేదు. దాన్ని నానబెట్టిన చేతులే అంటయినయి.

మా నాయిన కాలానికి ఎడ్లు పోయి ట్రాక్టరొచ్చింది. నాయిన దాని మీద కూర్చున్నడు, నిజమే. జీతగాడిగ కూర్చున్నడు. పదకొండేండ్లు ఆ ట్రాక్టరు తోలి మా ఇంటి కోసం తెచ్చింది రెండు ట్రిప్పుల మొరం. దానికీ డీజిలు పైసలు జీతంల కోసుకున్నరు. సొంత సైకిలు కొనుక్కున్నంక కూడా బజారు రాంగనే దిగి నడిపించుకుంటూ పోయేటోడు. దిగమని ఎవరన్నా చెప్పిన్రా నాయినా అని అడిగిన. "చెప్పేదాకా ఎందుకు కూసుంట?" అన్నడు.

బండికీ కులానికీ ఉన్న ఈ లంకె మా ఊరిదే కాదు. 1901లో చిన్న పిలగాడుగా అంబేద్కర్ అన్నతో కలిసి తండ్రి దగ్గరికి పోతూ మసూరు స్టేషన్ల దిగిండు. వీళ్ళు మహర్లని తెలియంగనే బండ్లవాళ్ళు ఎవరూ రామన్నరు. రెండింతల కిరాయి ఇస్తమంటే ఒకడు ఒప్పుకున్నడు. ఎట్లా? పిల్లలే తోలుకోవాలె, బండాయన పక్కన నడిచొస్తడు! 1929 నాటికి ఆ పిలగాడు న్యూయార్కులో, లండన్ల చదివొచ్చిన బారిస్టరు, బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. అయినా చాలీస్‌గావ్‌లో టాంగావాళ్ళు మహర్లను ఎక్కించుకొని తోలమన్నరు. బండి మాత్రం కిరాయికిచ్చిన్రు. ఎన్నడూ టాంగా తోలని మనవాడొకడు పగ్గాలు పట్టిండు. కల్వర్టు మీద చక్రం ఇరుక్కుంటే అంబేద్కర్ ఎగిరి కింద పడ్డడు. కాలు విరిగింది. ఇవన్నీ ఆయనే రాసిపెట్టిండు. బారిస్టరు పట్టా కంటె టాంగావాడి కులగౌరవం బరువైంది.

అందుకే 2024 జయంతికి మా వాడ పిలగాండ్లు వచ్చి "బజారుల మనోళ్ళ బండ్లన్నీ నిలబెడుతం, షో లెక్క చేస్తం, మంచిదానికి బహుమతి ఇస్తం, మార్కులు నువ్వు వెయ్యాలె సారూ" అంటే నాకు నవ్వు రాలేదు. స్టాఫ్‌రూములో కొందరికి వచ్చింది. దండలు, డీజే చాలవా, మీకు కార్ల షో ఏందని. పట్నంలో పాత కార్లు వరసగ పెడితే అది సంస్కృతి. మేం పెడితే ఎచ్చులు.

ఏప్రిల్ 14 ఆదివారం. లోక్‌సభ ఎన్నికల కోడ్ ఉండె కాబట్టి స్టేజీ మీద నాయకులు లేరు. అదొక మేలు. బస్టాండు నుంచి పోస్టాఫీసు దాకా, మా నాయిన సైకిలు దిగి నడిచిన అదే బజారు, రెండు పక్కల ఇరవై ఎనిమిది బండ్లు. పొద్దుగాల పంచాయతీ ట్రాక్టరొచ్చి రోడ్డు కడిగి పోయింది. కడిగినోళ్ళు మన ఆడోళ్ళే. ఆ ట్రాక్టరు చివర్న వేపచెట్టు కింద నిలబడి ఉంటే నా ఆరో తరగతి పిల్ల "దీనికి నంబరు చీటీ అంటించలే సారూ?" అని అడిగింది. కమిటీ పిలగాండ్లు నేల చూపులు చూసిన్రు. చెత్త బండిని షోల పెడుతరా అన్నడొకడు. నేనే ఇరవై తొమ్మిది అని రాసి అంటించిన.

నాతో పాటు మార్కులు వేసేటోళ్ళు ఇద్దరు. ఒకాయన రిటైర్డ్ హెడ్మాస్టరు. ఇంకొకాయన బస్టాండు కాడి మెకానిక్కు, మా మండలంలో సగం ఇంజన్ల నాడి తెలిసిన భాయ్. పిలగాండ్లు ఫోన్ల ఎక్కడో చూసి కాగితం తయారు చేసిన్రు. రంగు, ఇంజను, సీట్లు, శుభ్రం, అలంకరణ, ఒక్కోదానికి ఇరవై. బడిలో కాగితాలకు మార్కులు వేసీ వేసీ నాకొక సంగతి తెలుసు. గడి లేని దానికి మార్కు పడదు. బండి ఎవరి పేరు మీద ఉంది, ఎవరు తోలుతున్నరు, ఎక్కడిదాక పోగలదు - వీటికి ఆ కాగితంల గడి లేదు.

వరసలో నడుస్తుంటే నంబరు ప్లేట్లే ఒక చరిత్ర. ఏపీ 15, టీఎస్ 02, ఆ మార్చిలోనే కొత్తగా వచ్చిన టీజీ 02. ఏపీ 15 ఒక రిటైర్డ్ లైన్‌మన్ అంబాసిడర్. కంపెనీ ఆ కారు చెయ్యడం 2014లోనే ఆపేసింది. సామాను కోసం తుక్కు దుకాణాలు తిరుగుతడట. భాయ్ బానెట్ లేపి, ఆయిల్ పుల్ల గుంజి, గుడ్డకు తుడిచి వాసన చూసి "బిడ్డ లెక్క సాదిండు" అన్నడు. టీజీ 02 మా కాంట్రాక్టరు పెద్ద బండి. టెంటు ఖర్చు ఆయనదే, కనుక మొదటి బహుమతి కూడా తనదే అన్నట్టు నిలబడ్డడు. అద్దాలకు నల్ల ఫిల్ము. 2012లోనే సుప్రీంకోర్టు వద్దన్నది సారూ అని నేనంటే మొహం మాడ్చుకున్నడు. మనవాడు పైకొస్తే సంతోషమే. పైకొచ్చినంక నల్లద్దాల వెనక కూర్చొని వాడకు కనపడకుండ పోతేనే బాధ.

పదిహేడో నంబరు కాడ ఆగిపోయిన. పసుపు ప్లేటు టాక్సీ. ఆ పిలగాడు ఎనిమిదేండ్లు వేరేటోళ్ళ కారు తోలిండు. దళితబంధుల ఇచ్చిన పది లక్షలతో సొంత బండి కొన్నడు. ఆ పథకం 2021 ఆగస్టుల హుజూరాబాద్‌ల మొదలైంది. మా నియోజకవర్గంలో మొదట వంద కుటుంబాలకే. ఆ వందలో పడాలంటే ఎవరి గడప తొక్కాలెనో వాడకంతా తెలుసు. బండి మంచిగుంది. ఇంజనుకు భాయ్ పంతొమ్మిది వేసిండు. టైర్లు సమంగా అరిగినయి, అంటే అలైన్‌మెంటు చూసుకుంటున్నడు. కానీ వెనకద్దం మీద జిగురు మరకలు. పథకం పేరు పెద్ద అక్షరాలతో అంటించి ఇచ్చిన్రు, ఇతను బ్లేడుతో గీకేసిండు.

"శుభ్రానికి ఐదు వెయ్ సారూ," అన్నడు సంఘం పెద్దమనిషి. "పేరు గీకినోడు కులం దాచుకున్నట్టే. మనం తలెత్తుకోవాలెనని కదా జయంతి చేసేది!"

పిలగాడు మెల్లగ చెప్పిండు: "దాచుకునుడు గాదు కాకా. అక్షరాలు ఉన్నప్పుడు ఊర్లకెళ్ళి పెండ్లి బుకింగు ఒక్కటి రాలే. ఇంటి దాక రమ్మని, బండి వెనక చూసి, పని పడ్డది వేరే బండి మాట్లాడుకుంటం అన్నరు. మూడు సార్లు."

చాలీస్‌గావ్ నాకు అక్కడ కనపడ్డది. అప్పుడు మనల్ని ఎక్కించుకొని తోలేటోడు లేడు. ఇప్పుడు మనం తోలే బండి ఎక్కేటోడు లేడు. పగ్గాలు చేతులు మారినయి గానీ అంటు మారలేదు.

కాకకు నేనొకటే అడిగిన. రాయితీ మీద భూమి, కరెంటు తీసుకున్న ఫ్యాక్టరీ యజమాని కారు వెనక "సర్కారు సొమ్ముతో కొన్నది" అని రాస్తరా? బ్యాంకు అప్పు మాఫీ అయినోడి అద్దం మీద వాని కులం రాస్తరా? మనకిచ్చిన దాని మీదనే ముద్ర ఎందుకు? పక్కనే మోటరు సైకిళ్ళ మీద ముందు నుంచి వెనక దాక జైభీం అని రాసుకున్న పిలగాండ్లున్నరు. అది వాళ్ళు రాసుకున్నది. ఇది వీని మీద రాసింది. పచ్చబొట్టుకూ వాతకూ తేడా లేదా కాకా?

కాక ఒప్పుకోలేదు. పేరు పోతే రేపు సర్కారు ఇచ్చిన సంగతే మరుస్తరు, మళ్ళ అడగడానికి ఆధారముండదు అన్నడు. ఆ మాటలో కూడా కొంత నిజముంది. అక్కడ తెగలేదు, ఇప్పటికీ మా వాడల తెగలేదు.

శుభ్రానికి ఇరవైకి ఇరవై వేసిన. హెడ్మాస్టరు పది వేసిండు. మొత్తం కూడితే అంబాసిడర్ మొదటిది, టాక్సీ రెండోది. కాంట్రాక్టరు టెంటు డబ్బుల సంగతి ఎత్తిండు, భాయ్ మాత్రం అంబాసిడర్‌కు న్యాయం జరిగిందని అందరికీ చెప్పిండు. పంచాయతీ ట్రాక్టరుకు బహుమతి లేదు గానీ, దాని డ్రైవర్ తన నంబరు చీటీని పీకలేదు. వారం దాక ఇరవై తొమ్మిది నంబరుతోనే చెత్త ఎత్తిండు.

రెండో బహుమతి సీటు కవర్లు. టాక్సీ పిలగాడు అవి సంకలో పెట్టుకొని నా దగ్గరికొచ్చిండు. "సారూ, బోర్డు మీద నీ రాత మంచిగుంటది. పెయింటరుకు చూపించ, కాగితం మీద రాసియ్యవా? అద్దం ఖాళీగుంది."

"జైభీం రాద్దామా తమ్మీ? లేకుంటే మీ అవ్వ పేరా?"

"జైభీం నా ఫోన్ల మోగుతది సారూ. అద్దం మీద ఏ పేరూ వద్దు, ఫోన్ నంబరొక్కటి రాయి. దూరం నుంచి కనపడేటట్టు, పెద్దగ."

మార్కుల కాగితం తిప్పి, వెనకవైపు పది అంకెలు రాసిచ్చిన.