అంజనంలో పచ్చ పరికిణీ

సంక్రాంతికి వచ్చిన మా మనవరాలు వంటింటి గుమ్మంలో పీట వాల్చుక్కూర్చుని, ఫోను చూస్తూ, "అమ్మమ్మా, సీసాన్ని బంగారం చేసేశార్ట!" అంది.

అప్పుడు నేను అరిసెల పాకం దగ్గరున్నాను. పాకం ముదిరిందా, అరిసె రాయి. లేతగా ఉందా, నూనెలో విడిపోతుంది. ఆ సమయంలో గోస్తనీ పొంగి ఇంట్లోకి వచ్చినా నేను తల తిప్పను. కానీ బంగారం అన్నాక తిప్పకుండా ఉండగలమా, మీరే చెప్పండి.

"ఎన్ని కాసులు?" అన్నాను.

అది పకపకా నవ్వింది. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతోంది లెండి. నేను చదివింది బి.ఏ., అదీ పెళ్ళయ్యాక ప్రైవేటుగా. అందుకని నాకు అన్నీ అరిసెల భాషలో చెబుతుంది.

స్విట్జర్లాండు, ఫ్రాన్సు సరిహద్దులో నేల అడుగున 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగం ఉందట. సెర్న్ అనే సంస్థది. అందులో సీసం అణువుల గుండెకాయల్ని, అంటే కేంద్రకాల్ని, ఇంచుమించు కాంతి వేగంతో ఎదురెదురుగా పరిగెత్తిస్తారట. ఢీకొనకుండా పక్కనుంచి రాసుకుపోయినప్పుడు ఒక్కోసారి మూడు ప్రోటాన్లు ఊడిపోతాయి. సీసానికి 82 ప్రోటాన్లు, బంగారానికి 79. మూడు తీస్తే లెక్క సరిపోయింది! 2015 నుంచి 2018 దాకా అలా 8,600 కోట్ల బంగారు కేంద్రకాలు పుట్టాయని 2025లో ప్రకటించారు.

"అమ్మో, అన్ని కోట్లే!"

"బరువు 29 పికోగ్రాములు. గ్రామును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, అందులో 29 ముక్కలు. అదీ కన్నుమూసి తెరిచేలోగా గొట్టం గోడలకు తగిలి చెదిరిపోయింది."

ముక్కుపుడక మాట దేవుడెరుగు, దాని మీద మెరుపు కూడా రాదన్నమాట. ఈమాత్రం దానికి నా పాకం ముదరబెట్టింది.

అయినా ఈ పిచ్చి ఇవాళ్టిదా? 1947లో నాగయ్యగారు వేసిన 'యోగి వేమన' చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. బంగారం చేసే విద్య పట్టుబడే వేళకు ఇంట్లో ప్రాణంలాంటి పిల్ల చచ్చిపోతుంది. మనవాళ్ళు దాన్ని రసవాదం అన్నారు, రసమంటే పాదరసం. ఐరోపాలోనూ అంతేనట. సాక్షాత్తూ న్యూటనే రాత్రింబవళ్ళు కొలిమి ముందు కూర్చుని, ఆ విద్య మీద లక్షల మాటలు రాసుకుని దాచిపెట్టాడు. 1936లో ఆ కాగితాలు వేలానికొచ్చేదాకా చాలామందికి ఆ సంగతి తెలియనే తెలియదు. 1901లో రూథర్‌ఫర్డ్, సాడీ అనే ఇద్దరు ఒక మూలకం తనంతట తాను మరో మూలకంగా మారడం చూశారు. "ఇది రూపాంతరమే!" అని సాడీ గంతేస్తే, ఆ మాట అనకు, రసవాదులమని మన తలలు తీసేస్తారని రూథర్‌ఫర్డ్ కంగారుపడ్డాడట.

మా తణుకుకి ఇలాంటి వింతలేం కొత్త కాదు. పంచదార కోసం 1947లో పుట్టిన ఆంధ్రా షుగర్స్ ఆ తరవాత ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం కూడా చేసి పంపింది. అందుకని ఇదీ అలాంటి కబురే అనుకుంటూ నేను అరిసెలు వత్తుతున్నాను.

"ఆ రోజుల్లో పెద్ద పెద్ద పండితులు కూడా చిత్రమైన పనులు చేసేవారమ్మమ్మా. జాన్ డీ అని, ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణిగారి కాలంలో గొప్ప లెక్కల పండితుడు. 1570లో యూక్లిడ్ జామెట్రీ ఇంగ్లీషులో వస్తే దానికి పీఠిక రాశాడు. అంతటి వాడు స్ఫటికం ముందు కూర్చుని దేవదూతలతో మాట్లాడేవాడు. ఆయనకేమో ఏమీ కనిపించేది కాదు. కెల్లీ అని ఇంకొకణ్ణి కూర్చోబెట్టి, వాడు చూసి చెప్పిందల్లా పూసగుచ్చినట్టు రాసుకునేవాడు. ఆయనదని చెప్పే నల్లరాతి అద్దం ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది."

నా చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది.

"అది అంజనమే!" అన్నాను.

ఈ కాలం పిల్లలకి అంజనమంటే కాటుక. మాకు అలా కాదు. ఇంట్లో వస్తువు పోతే అంజనం వేసే ఆయన్ని పిలిచేవారు. తమలపాకుకి ఆముదంతో నూరిన మసి పూసి, దీపం ముందు పెట్టి, ఒక పిల్లనో పిల్లాణ్ణో కూర్చోబెడతాడు. ఆయనకీ ఏమీ కనిపించదు. చూడాల్సింది ఆ పసివాళ్ళే. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళయితే మరీ శ్రేష్ఠం అనేవారు.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను.

1966లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మా మామ్మ నానుతాడు కనిపించలేదు. ఆరు కాసులది. రెండు రోజులు ఇల్లంతా తిరగేశారు. మూడోనాడు పక్క ఊరినుంచి ఆయన వచ్చాడు. నాకు తలంటి, కొత్త గౌను వేసి, పీట మీద కూర్చోబెట్టారు. చుట్టూ పెద్దవాళ్ళు. జన్మలో నన్నెవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

"ఊడ్చే మనిషి వచ్చాడా?" అన్నాడు.

ఆకులో నా ముఖమే మసగ్గా కనిపిస్తోంది. లేదన్నాను. "సరిగ్గా చూడమ్మా, వచ్చుంటాడు." నాలుగోసారి వచ్చాడన్నాను. నీళ్ళు జల్లారా? జల్లారు. కుర్చీ వేశారా? వేశారు. ఆంజనేయస్వామి వచ్చి కూర్చున్నాడా? కూర్చున్నాడు. ఔననడం ఎంత సుఖమో అప్పుడే తెలిసింది నాకు.

"ఇప్పుడు స్వామిని అడుగు. తాడు తీసినవాళ్ళని చూపించమను."

ఆకులో నిజంగానే ఏదో కదిలింది. పచ్చగా! "పచ్చ పరికిణీ" అని అరిచాను.

ఆ పరికిణీ నాదే. నాకు పొట్టయిందని ముందటి పండక్కి అమ్మ మా పనిమనిషి కూతురికి ఇచ్చింది. ఆ పిల్లది నా ఈడే. పేరెందుకు లెండి. ఆ మధ్యాహ్నం మంచినీళ్ళ బిందె తెచ్చి, నా వెనక గుమ్మంలో నిలబడి, తనూ అందరిలాగే వింతగా చూస్తోంది. అందరి తలలూ ఒక్కసారి అటు తిరిగాయి.

తరవాత జరిగింది వివరంగా రాయలేను. ఎవరూ కొట్టలేదు. కానీ తల్లిని మాన్పించారు. వీధిలో ఇంకెవరూ పెట్టుకోలేదు. నెల తిరక్కుండా వాళ్ళు ఊరే వదిలి వెళ్ళిపోయారు.

రెండేళ్ళ తరవాత వేసవిలో పాత దిండ్లు విప్పి దూది ఏకిస్తుంటే, మామ్మ దిండులోంచి నానుతాడు బయటపడింది. దొంగల భయంతో ఆవిడే కుట్టేసుకుని మరిచిపోయింది. ఇంట్లో పండగ! నేను మెల్లిగా, "మరి అంజనం?" అన్నాను. మామ్మ ఏమందో తెలుసా? "అంజనం అబద్ధమాడదే. నువ్వే సరిగ్గా చూసుండవు."

ఇదంతా మా మనవరాలికి ఎప్పుడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పేసి, కాస్త కోపంగానే అడిగాను: "మరి మీవాళ్ళు మాత్రం? చీకటి పదార్థమంటారు, కంటికి కనపడదంటారు. లోకానికి పది దిక్కులున్నాయి, ఆరు చుట్టచుట్టుకుని దాక్కున్నాయంటారు. అంజనం వేసే ఆయనకీ మీకూ తేడా ఏమిటే?"

కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. ఆలోచనలో పడింది.

"చాలా పోలికలున్నాయమ్మమ్మా. కనిపించేదాని వెనక కనిపించనిదేదో ఉందనుకోవడం, అన్నిటికీ మూలం ఒకటే అనుకోవడం, లెక్క అందంగా కుదిరితే అది నిజమే అయ్యుంటుందనుకోవడం... అవన్నీ వాళ్ళ దగ్గర్నుంచి వచ్చినవే" అంటూ కెప్లర్ కథ చెప్పింది.

కెప్లర్ జాతకాలు వేసేవాడు. ఆ రోజుల్లో తెలిసిన గ్రహాలు ఆరు, మధ్య సందులు అయిదు. జామెట్రీలో నిండైన ఘనాకారాలూ అయిదే! ఆ సందుల్లో ఈ అయిదు ఆకారాలు అమర్చి దేవుడు లోకం కట్టాడని 1596లో పుస్తకమే రాశాడు. వింటుంటేనే ఎంత ముచ్చటగా ఉందీ! ఆ తరవాత టైకో బ్రాహీ అనే ఆయన ఏళ్ళతరబడి ఆకాశం చూసి రాసుకున్న కొలతలతో అంగారకుడి దారి గీయబోతే, గుండ్రటి దారిలో లెక్క కాస్త తప్పింది. ఎంత? కోణంలో 8 నిమిషాలు. పున్నమి చంద్రుడి వెడల్పులో పావు వంతన్నమాట. మా మామ్మయితే "నువ్వే సరిగ్గా చూసుండవు" అనేది. కెప్లర్ మాత్రం కొలతను నమ్మి, వేల ఏళ్ళుగా అందరూ పట్టుకు వేలాడిన గుండ్రటి దారినే వదులుకున్నాడు. గ్రహాలు కోలగా ఉన్న దారిలో తిరుగుతాయని 1609లో అచ్చువేశాడు.

"ఇంకోటి కూడా ఉందమ్మమ్మా. కెప్లర్ తల్లిని మంత్రగత్తె అన్నారు."

ఇది విని నేను పొయ్యి ఆపేశాను.

చదువురాని ముసలావిడ. ఆకులూ వేళ్ళూ కాచి మందులిచ్చేది. ఆవిడ ఇచ్చిన చేదు కషాయం తాగి రోగం వచ్చిందని 1615లో తెలిసినావిడే ఒకతె నిందవేసింది. ఇంకేముంది, ఊళ్ళో ప్రతివాడికీ ఏదో ఒకటి గుర్తొచ్చింది. 1620లో, డెబ్భై దాటిన మనిషిని గొలుసులు వేసి ఖైదులో పెట్టారు. పద్నాలుగు నెలలు. కొడుకు పనులన్నీ మానుకుని వచ్చి, సాక్షులు చెప్పిన మాటలన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఈ రోగానికి మామూలు కారణం ఇదిగో, ఆ దెబ్బకి కారణం అదిగో అంటూ జవాబు రాశాడు. 1621లో ఆవిణ్ణి వదిలారు. మరుసటేడు పోయింది.

నా పచ్చ పరికిణీకి అలాంటి కొడుకు లేకపోయాడు.

"మరి మీ చీకటి పదార్థం?" అన్నాను.

వేరా రూబిన్ అని అమెరికాలో ఒకావిడ, నలుగురు పిల్లల తల్లి, నక్షత్ర మండలాల వేగం కొలిచింది. సూర్యుడికి దూరమైన గ్రహం నెమ్మదిగా నడుస్తుంది కదా, అలాగే మండలం అంచున ఉన్న చుక్కలూ నెమ్మదించాలి. 1970లో ఆండ్రోమెడా లెక్క తేలితే, అంచు చుక్కలు ఏమాత్రం నెమ్మదించలేదు. వాటిని పట్టి ఉంచే బరువేదో కంటికి కనబడకుండా ఉండాలి. ఇతరులూ కొలిచారు, అదే వచ్చింది. ఆ బరువు దేనిదో పట్టుకుందామని భూగర్భంలో పరికరాలు పెట్టుకుని కూర్చున్నారు. ఇంతవరకూ చిక్కలేదు. చిక్కలేదనే ప్రతిసారీ అచ్చువేస్తారట. ఆ పది దిక్కుల సంగతికీ ఇంకా రుజువు లేదనీ, దానిమీద వాళ్ళలో వాళ్ళే పోట్లాడుకుంటారనీ అది తనే ఒప్పుకుంది.

"అలాగైతే ధ్యానాలు చేసేవాళ్ళంతా మోసగాళ్ళేనా?" అన్నాను. నేనూ పొద్దున్నే కాసేపు కళ్ళు మూసుకు కూర్చుంటాను మరి.

"మా లాబ్ ఎవరి పేరు మీదుందో తెలుసా? మీ జిల్లా ఆయనే, స్వామి జ్ఞానానంద."

భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టారు. ఇల్లు వదిలి హిమాలయాల్లో ఏళ్ళతరబడి యోగసాధన చేశారు. ఆ తరవాత జర్మనీ వెళ్ళి, అక్కడ ఫిజిక్సు మీద మనసుపడి, విద్యార్థిగా బల్ల మీద కూర్చున్నారు. ప్రాగ్‌లో ఎక్స్ కిరణాలూ, లివర్‌పూల్‌లో న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పరిశోధనా చేశారు. తిరిగొచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్‌కి పునాది వేశారు. 1969లో పోయారు. 1947లో ఆయన పుస్తకం ఒకటి అమెరికాలో అచ్చయింది. శూన్యం గురించి! స్వామివారు కదా, వేదాంతమనుకున్నాను. కాదట, గొట్టంలోంచి పంపుతో గాలి తోడేస్తే మిగిలే శూన్యం. ఏ పంపు, ఎంత తోడుతుంది, ఎలా కొలవాలి అన్నీ అందులో ఉన్నాయట. చదివినవాడెవడైనా తనూ తోడి చూసుకోవచ్చు. ఎదురుకాళ్ళతో పుట్టక్కర్లేదు.

నేను మళ్ళీ పొయ్యి వెలిగించాను. పాకం ఎలాగూ పాడైంది. కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. తరవాత అది పీట దగ్గరకి జరుపుకుని అడిగింది:

"ఆకులో అసలు నువ్వేం చూశావు అమ్మమ్మా?"

అరవై ఏళ్ళయింది. ఆ రోజు గదిలో పదిమంది పెద్దవాళ్ళున్నారు. వచ్చాడా, కూర్చున్నాడా అన్నారే గాని, నువ్వేం చూశావని ఒక్కరూ అడగలేదు.

"నా ముఖం చూశాను. దీపం చూశాను. నూనె పూసిన ఆకు అద్దంలా మెరుస్తోంది. నా వెనక గుమ్మంలో ఆ పిల్ల బిందెతో నిలబడి ఉంది. అది కనిపించింది. అంతే" అన్నాను.

ఆ నానుతాడు నా పెళ్ళికి మామ్మ నాకే ఇచ్చింది. రెండు మూడుసార్లు మించి వేసుకోలేదు. ఎందుకని ఎవరడిగినా బరువనేదాన్ని. దీని పెళ్ళికి ఇద్దామనుకున్నాను. ఇస్తానన్న మాట ఆ పూటే చెప్పేశాను కూడా. "కథతో సహా ఇస్తేనే తీసుకుంటా" అంది. అందుకే ఇదంతా రాసి పెడుతున్నాను.