దారం గోడై లేచింది!

నూలు తాడుతో గోడ నిలబెట్టొచ్చని మీకు తెలుసా? నాకు తెలియదు. క్రోషే అంటే టీవీ మీద కప్పే తెల్లగుడ్డ, లంగా అంచుకి కుట్టే లేసు. నా ఎరుక అంతవరకే. ఇప్పుడు మా హాల్లో పుస్తకాల బీరువా పక్కన జాజురంగు పెట్టె ఒకటి పెద్ద కుంకుమ భరిణెలా ఠీవిగా కూర్చుంది. అందులో అట్ట లేదు, చెక్క లేదు, తీగ లేదు. నిలబెట్టిందల్లా దారమే! లోపల కొండపల్లి దశావతారాలు వచ్చే సంక్రాంతి దాకా విశ్రాంతి తీసుకుంటున్నాయి. ఇంటికొచ్చిన వాళ్లందరికీ మూత తీసి చూపిస్తున్నాను. అడగనివాళ్లకి ముందుగా చూపిస్తున్నాను.

బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో పండగ వెళ్లాక మొదలయ్యే తంటా అందరికీ తెలిసిందే. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి చెక్కతో చేసింది. తేలిక, మెత్తన. చేతులూ తొండాలూ విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. వాటిని పాత పేపర్లలో చుట్టి అట్టపెట్టెలో కుక్కామా, ఏదో ఒక చెయ్యి ఊడి చేతికొస్తుంది. ఏటికొప్పాక బొమ్మల సంగతి వేరు. వాటి మెరుపంతా లక్కది. లక్కేమో వేడికి మెత్తబడే సరుకు. మేడమీద రేకుల కప్పు కింద వేసవంతా వదిలెయ్యడానికి మనసొప్పదు. అంటే బొమ్మలు ఇంట్లో, చల్లగా, మనుషుల మధ్యే ఉండాలి. అలా ఉండాలంటే పెట్టె కూడా చూడముచ్చటగా ఉండాలి కదా! అప్పుడే మా మేనత్త చేతిలో క్రోషే సూది కనిపించింది.

అత్తది నరసాపురం వైపు. "ఆరు కలుపుకుంటూ పోవే అమ్మాయ్, చదునుగా అదే వస్తుంది" అంది. అంతే పాఠం.

నిజంగా అంతే! దారంతో ఓ ఉంగరం చుట్టి అందులో 6 సింగిల్ క్రోషే కుట్లు వెయ్యాలి. రెండో వరసలో ఒక్కో కుట్టులో రెండేసి, మొత్తం 12. మూడో వరసలో ఒకటి విడిచి ఒకటి జంట, 18. తరవాత 24, 30, 36... ఎక్కడ మొదలైందో మరిచిపోకుండా మొదటి కుట్టుకి ఓ పిన్నీసు. చక్రం బల్లమీద పరిచినట్టే పెరుగుతూ పోతుంది. ఎందుకు ఆరే? ఆలోచిస్తే ఒళ్లు పులకరించింది. ఒక్కో వరసకి చక్రం వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు పెరుగుతుంది. చుట్టుకొలత అంతకి 2π రెట్లు, అంటే సుమారు 6.28 రెట్లు పెరగాలి. సింగిల్ క్రోషే ఎంత ఎత్తో ఇంచుమించు అంతే వెడల్పు. కాబట్టి ఆరు కుట్లు చేరిస్తే చాలు, ఆ కాస్త తేడాని దారం సాగి సర్దుకుంటుంది. బళ్లో మార్కుల కోసం బట్టీపట్టిన సూత్రం నా వేళ్ల మధ్య నుంచి నడిచిపోయింది!

ఆరుకంటే తక్కువ చేరిస్తే అంచు పైకి ముడుచుకుంటుంది. బాగా ఎక్కువ చేరిస్తే కుచ్చిళ్లు పడుతుంది. ఆ కుచ్చిళ్లలోనే గొప్ప గణితం దాగుందట. కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమినా అనే గణితవేత్త 1997లో వాటిని క్రోషేతోనే అల్లి, ఇలా కుచ్చిళ్లు పడుతూ పరుచుకునే హైపర్బోలిక్ తలాన్ని విద్యార్థులు చేత్తో పట్టుకుని చూసేలా చేసింది. సూదీ దారం గణితం క్లాసులోకి వెళ్లాయన్నమాట!

అసలు వింత ఇంకా చెప్పలేదు. నా చక్రం పన్నెండో వరసకి, 72 కుట్ల దగ్గర, జానెడు దాటింది. ఇక చేర్చడం ఆపేశాను. ప్రతి కుట్టు నెత్తిన రెండు పోగులుంటాయి. తరవాతి ఒక్క వరసకి మాత్రం వెనక పోగులోనే సూది గుచ్చాలి. ముందు పోగు గట్టులా మిగిలిపోతుంది, అల్లిక అక్కడ మడత తిరిగి ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ తరవాత మామూలుగా 72, మళ్లీ 72, మళ్లీ 72. గోడ! నూలు తాడు కాస్త లావుది తీసుకుని, దానికి మామూలుగా వాడే సూదికన్నా ఒక సైజు చిన్నది పట్టుకుంటే కుట్లు బిగుసుకుని గోడ వాలిపోదు. గట్టితనమంతా ఆ బిగువులోనే ఉంది.

ఇంకో ఆనందం. ఒక్కో రంగు ముక్క మొత్తం ఒకే పోగు. కత్తిరింపుల్లేవు, చెత్త లేదు. నచ్చకపోతే కొస పట్టి లాగితే చాలు, గోడ గోడంతా మళ్లీ ఉండై చేతిలోకి వస్తుంది. పాడవుతుందన్న భయం లేకుండా నేర్చుకునే విద్యలు ఎన్నుంటాయి?

మూత మీద నాకు బాగా ముద్దొచ్చింది ముగ్గు. ఎర్రమట్టి అలికిన అరుగు రంగు మూత మీద తెల్ల దారంతో స్లిప్ స్టిచ్‌లు పరుచుకుంటూ పోతే గీత గీసినట్టే పడుతుంది. అల్లికలో వరసలూ కుట్లూ ముందే గడులు కట్టి ఉంటాయి కాబట్టి, చుక్కలు పెట్టే పని కూడా తప్పుతుంది. అంచుకి పసుపు దారంతో చిన్న బంతిపూలు. లోపల పాత నేతచీర ముక్క అస్తరు వేశాను, కుట్ల సందుల్లోంచి దుమ్ము దూరకుండా. దశావతారాలతో పాటు పెట్టిన అంబారీ ఏనుగుకీ తాడిచెట్టుకీ విడిగా చిన్న గొట్టాలు అల్లి పెట్టాను, తొండం దేనికీ తగలదు.

చేస్తూ చేస్తూ నరసాపురం తలపుకొచ్చింది. ఆ గోదావరి ఊళ్లలోకి ఈ అల్లికని 1844లో మిషనరీలు తెచ్చారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు దక్కింది. నా తాడు కంటే ఎన్నో రెట్లు సన్నని దారంతో అక్కడి ఆడవాళ్లు ఇంటిపనుల మధ్య టేబుల్ క్లాతులు అల్లి విదేశాలకి పంపుతున్నారు. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త వాళ్ల మీద 1982లో ఓ పుస్తకమే వేసింది. ఇంట్లో కూర్చుని చేసేది కాబట్టి వాళ్ల శ్రమని పనిగానే లెక్కపెట్టలేదని అందులో ఆమె వాదన. ఒక్క గోడ లేపేసరికి అది పనేనని నా వేళ్లు సాక్ష్యం చెప్పాయి. ఇకమీదట లేసు బేరమాడితే నా నోరు పడిపోనీ!

కొలువు బొమ్మలే అక్కర్లేదు. క్రిస్మస్ చెట్టుకి కట్టే గాజు గోళాలు, దీపావళి ప్రమిదలు, రంజాన్‌కి తీసే మంచి గ్లాసులు, ఏడాదికోసారి బయటికొచ్చే ఏ వస్తువుకైనా ఇలాంటి ఇల్లు కట్టొచ్చు. ఒక సూది, ఒక ఉండ నూలు తాడు, ఒక పిన్నీసు కొనుక్కోండి. ఆరు దగ్గర మొదలెట్టండి. మూత మాత్రం ఒక వరస పెద్దదిగా, 78 కుట్లకి అల్లండి. 72 దగ్గర ఆపితే గోడ మీదికి దిగదు.