రాయని లైను

ఆ జుమ్మా రోజు మసీదులోకి పోతూ ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. నమాజ్ అయ్యి బయటికొచ్చి చూస్తే 14 మిస్డ్ కాల్స్, అన్నీ నందిగామ నుంచే.

నందిగామలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి నెట్‌వర్క్ పని చూస్తుంటాను. ఇల్లు జగ్గయ్యపేటలో. చాలా పనులు ఇంట్లో కూర్చునే లాప్‌టాప్‌లో చేసేస్తా. ఆ పొద్దున వాళ్లు ఒక మాట చెప్పారు: ల్యాబ్ కంప్యూటర్ల నుంచి అకౌంట్స్ కంప్యూటర్లలోకి ఎవరూ పోకూడదు. సబబే. స్విచ్‌లో అకౌంట్స్ వీలాన్ 10, ల్యాబ్ వీలాన్ 20, డాక్టర్లూ సర్వరూ వీలాన్ 30. యాక్సెస్ లిస్ట్‌లో ఒక్క లైను రాశాను: 192.168.20 వాళ్లు 192.168.10 వాళ్ల దగ్గరికి పోవడం మనా. దాన్ని ల్యాబ్ వీలాన్‌కి తగిలించి, గుసుల్ చేసి, అత్తరు పూసుకుని మసీదుకి పోయాను.

ఈ లిస్ట్ సంగతి మా అబ్బాకి ఎప్పుడో చెప్పాను. ఆయన మా వైపు సిమెంటు మోసిన లారీ డ్రైవరు. "దర్వాజా దగ్గర చౌకీదారు చేతిలో కాగితం ఉంటది అబ్బా. వచ్చిన ప్రతి ప్యాకెట్‌నీ ఆపి, పై లైను నుంచి కిందికి చదువుకుంటూ పోతాడు. ఏ లైను సరిపోతే అక్కడే ఫైసలా. దాని కింద ఏం రాసున్నా చూడడు."

"ఏ లైనూ సరిపోకపోతే?"

"పడేస్తాడు. కాగితం చివర కనపడని లైను ఒకటుంటది. మిగతా అందరికీ మనా అని."

"గరికపాడు," అన్నారు అబ్బా. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చినోళ్లని మన సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఆపేసింది జగ్గయ్యపేటలో అందరికీ యాదే. ఊరు కనుచూపు మేరలో ఉంది, మనుషులేమో రోడ్డు మీద. కాసేపాగి అబ్బా అడిగారు, "మరి ఆ రాయని లైను ఎవరు రాసినట్టు?" ఆ ప్రశ్నకి నా చదువులో జవాబు లేదు. చదువుకునే రోజుల్లో గది కోసం తిరిగిన వీధులు మాత్రం యాదికొచ్చాయి. గేటు మీద టు లెట్ బోర్డు. పేరు అడిగేదాకా అంతా బాగుండేది. అడిగాక "అయ్యో, నిన్ననే ఇచ్చేశాం బాబూ" అనేవారు. వారం తర్వాత అటు పోతే బోర్డు అట్లాగే వేలాడుతుండేది. మాకు మనా అని ఏ బోర్డు మీదా రాసి లేదు.

ఇంత తెలిసినవాణ్ణి, ఆ జుమ్మా రోజు నేను చేసింది అదే. మనా ఒక్కటే రాశాను. "మిగతాదానికి ఇజాజత్" అనే లైను కింద రాయడం మరిచాను. చౌకీదారు ల్యాబ్ నుంచి వచ్చిన ప్రతిదాన్నీ పడేశాడు. డాక్టర్ల తెర మీదికి ఒక్క రిపోర్టూ రాలేదు. తప్పు తెలిశాక దిద్దడానికి నిమిషం కూడా పట్టలేదు. దానికి ముందు గంటన్నర పోయింది.

సాయంత్రం మా పక్కింటి ఖాలా వచ్చింది. మనవడికి జ్వరం, డెంగ్యూ అని అనుమానం. పొద్దున నందిగామ తీసుకుపోయిందట, అదే ఆసుపత్రికి. అమ్మీ చాయ్ ఇస్తుంటే చెప్తోంది: "ఎవరో కంప్యూటర్‌వాడు ఏదో చేశాడంట. ప్లేట్‌లెట్ల కాయితం రాదు, ఎందుకు రాలేదో ఒక్కళ్లూ చెప్పరు. చివరికి ల్యాబ్ పిల్లోడే చీటీ మీద రాసుకుని పైకి ఉరికాడు. అల్లా దయ, ఖైరియత్‌గానే ఉన్నాడు."

చాయ్ గొంతు దిగలేదు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు.

"ఆ కంప్యూటర్‌వాడు నేనే ఖాలా."

తిడుతుందనుకున్నా. కాసేపు నా మొహమే చూసి, "ఆగిపోయింది అని చెప్పొచ్చు కదా బేటా," అంది. "పిల్లాడికి ఏదో అయిపోయింది, నాకు చెప్పలేక దాస్తున్నారు అనుకుని దువాలు చదువుకుంటా కూర్చున్నా."

ఆ రాత్రి ఇషా తర్వాత లిస్ట్ మళ్లీ మొదటి నుంచి రాశాను. 10వ నంబరులో అకౌంట్స్‌కి మనా. 20లో ల్యాబ్ నుంచి సర్వర్‌కి ఇజాజత్. 30లో అడ్రస్ అడగడానికి వచ్చే డీహెచ్‌సీపీకి ఇజాజత్, లేకపోతే తెల్లారి కంప్యూటర్లు వేస్తే వాటికి అడ్రసే దొరకదు. నంబర్లు పదేసి వదిలి రాసేది మధ్యలో ఇంకో లైను దూర్చుకోవడానికే. చివర్లో, అవసరం లేకపోయినా, ఆ కనపడని లైనుని నా చేత్తో రాశాను: మిగతా అందరికీ మనా. రాయని లైను ఎవర్ని ఆపిందో ఎక్కడా లెక్క రాయదు. రాసి పక్కన 'లాగ్' అని పెడితే ఎవరు వచ్చారు, ఎటు పోబోయారు అన్నది నమోదవుతుంది. 10వ లైనుకీ లాగ్ పెట్టాను. ల్యాబ్ వాళ్లకి నా నంబరుతో పాటు అబ్బా నంబరు కూడా ఇచ్చాను.

శనివారం పొద్దున లాగ్ తెరిచాను. ల్యాబ్ కంప్యూటర్ ఒకటి పదే పదే అకౌంట్స్ వైపు పోబోయి ఆగిపోతోంది. ఫోన్ చేసి అడిగితే తేలింది, ల్యాబ్ వాళ్లు రిపోర్టులు ప్రింటు తీసేది అకౌంట్స్ గదిలోని ప్రింటరులోనట. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఒక్క ప్రింటరుకి ఇజాజత్ రాశాను. 40లో రాస్తే చౌకీదారు అక్కడిదాకా చదవడు. 10కి పైన, 5వ నంబరుతో.