క్రొత్త నీరు

చేప పుట్టునది నీటిలో, పెరుగునది నీటిలో. కావున ఏ నీట విడిచినను అది సుఖముగ నుండునని పలువురు తలంతురు. అది పొరపాటు. మనము ఇల్లు మారినచో గోడలు మాత్రమే మారును. చేప ఇల్లు మారినచో అది పీల్చు ఊపిరియే మారిపోవును. ఈ సత్యమును కాకినాడలో ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలుడు కొంత కష్టము మీదనే తెలిసికొనెను.

వాని యింట నొక గాజుతొట్టి కలదు. అందు నీలిచారలు గల చిన్న చేపలు ఆరు, అలసట యెరుగక తిరుగుచుండును. వానికి తోడుగా బాలుడు ఒకనాటి సాయంకాలము తేనెరంగు గౌరామి నొకదానిని కొని తెచ్చెను. చారల చేపయు, ఈ గౌరామియు మన దేశపు జలములకు క్రొత్తవి కావు. స్కాట్లండు దేశీయుడైన ఫ్రాన్సిస్ హామిల్టన్ అను వైద్యుడు గంగానదీ మత్స్యములను గూర్చి 1822లో ప్రకటించిన గ్రంథమున ఈ రెంటిని వర్ణించి యున్నాడు.

అంతకు మూడు నెలలకు ముందు ఆ బాలుడు వేరొక చేపను తెచ్చి, కుళాయి నీరు నింపిన తొట్టిలో నప్పుడే విడిచెను. తెల్లవారునప్పటికి అది వెల్లకిల తేలెను. సూక్ష్మజీవులను చంపుటకై నీటిలో కలిపెడి క్లోరిను చేప మొప్పలకు విషమని వానికి అప్పుడు తెలియదు. ఆనాడు తాత వానిని ఒక్క మాటయు అనలేదు. అందుచేతనే ఈమారు బాలుడు ముందుగా తాతనే అడిగెను.

“తాతయ్యా, దీనిని ఎట్లు విడువవలెను?”

“తొందరపడకు నాయనా. సంచిని విప్పక, అట్లే నీటిపై తేలనిమ్ము. లోపలి నీరును వెలుపలి నీరును ఒకే వెచ్చదనమునకు రావలెను.”

పావుగంట గడచెను. పిదప సంచి మూతి విప్పి, కొంచెము సేపున కొకసారి చిన్న గిన్నెడు తొట్టినీరు అందు పోయుచు వచ్చిరి. తుదకు చేపను చిన్న వలతో తీసి తొట్టిలో విడిచి, సంచిలోని నీటిని పారబోసిరి. దీపము ఆర్పిరి. తాత ఒక మూలను పగిలిన కుండపెంకును బోర్లించి, పైన కొన్ని నీటిమొక్కలను తేలవిడిచెను.

గౌరామి ఆ పెంకు చాటున దూరెను. దాని తేనెరంగు వెలవెలబోయెను. అప్పుడప్పుడు పైకి వచ్చి, నోరు తెరచి గాలి మ్రింగి, మరల దాగుచుండెను. ప్రాణము మీదికి వచ్చినదేమో యని బాలుడు భయపడెను. ఈ జాతి చేపకు మొప్పలు గాక, తలలో మడతలు గల మరియొక అవయవము కలదనియు, దానితో అది గాలిలోని ప్రాణవాయువును గ్రహించుననియు, అందుకే నీటికిని మూతకును నడుమ కొంత యెడ ముండవలెననియు తాత చెప్పెను.

మొదటి దినమున ఆహారము వేయలేదు. రెండవనాడు వేసిన మేతను చారల చేపలు రెప్పపాటులో మ్రింగివేసెను. మూడవనాడును అంతే. ఆ సాయంకాలము బాలుని మిత్రుడొకడు వచ్చి, చేప కనబడవలెనని గాజును వ్రేళ్ళతో తట్టెను. గౌరామి పెంకు లోనికి మరింత జొచ్చెను. నాలుగవ రాత్రి బాలునకు నిద్ర పట్టలేదు. ఆకలితో ఇదియు చచ్చునని తలచి, తాత నిద్రించుచుండగా లేచి పిడికెడు మేత తొట్టిలో చల్లెను.

ఉదయమున నీరు బియ్యము కడిగిన నీటివలె నుండెను. చారల చేపలు పైకి చేరి నోళ్ళు తెరచుచుండెను. బాలుడు దాచలేదు. తాతకడకు పోయి జరిగినది జరిగినట్లు చెప్పెను.

“ఆ మేత నీవు చేపకు వేయలేదు నాయనా, నీ భయమునకు వేసితివి. ఆరోగ్యము గల చేప కొన్ని దినములు తినకున్నను బ్రతుకును. చెడిన నీటిలో బ్రతుకదు” అని తాత లేచెను.

మిగిలిన మేత క్రుళ్ళి అమ్మోనియా పుట్టును. తొట్టిలోని సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, పిమ్మట అంతగా హాని చేయని నైట్రేటుగను మార్చును. కాని పిడికెడు మేతను ఒక్కమారుగా అవి యెట్లు సంబాళింపగలవు? రబ్బరు గొట్టముతో అడుగునున్న మష్టును, మూడవవంతు నీటిని తీసివేసిరి. ముందునాడే పట్టి, మూత లేక ఎండ తగులునట్లుంచిన నీటిని మెల్లగా పోసిరి. ఆనాడు ఏ చేపకును మేత లేదు. మధ్యాహ్నమునకు చేపలు తేరుకొనెను.

ఆరవనాడు తాత ఒక ఉపాయము చెప్పెను. బాలుడు తొట్టి కొక కొసను కొంచెము మేత చల్లెను. చారల చేపలన్నియు అచ్చటికి పరుగెత్తెను. అంతలో రెండవ కొసను, పెంకు చెంత, పెరటి తొట్టిలో దొరకిన దోమపిల్లలను మూడింటిని విడిచి, దూరముగ కూర్చుండెను. పెంకు నీడలోనుండి దారమువంటి రెండు సన్నని రెక్కలు మెల్లగా ముందుకు సాగెను. గౌరామి వానితోనే తడవి చూచును. ఒక దోమపిల్ల కదలెను. మరుక్షణమున అది లేదు.

బాలుడు కేక వేయలేదు, కదలలేదు. కొంతసేపటికి లేచి పోయి, పెరటి తొట్టిలోని నీటిని దోమలు పెరుగకుండ పారబోసి వచ్చెను. రెండు వారములు గడచునప్పటికి గౌరామికి తేనెరంగు తిరిగి వచ్చెను. బాలుడు సమీపింపగా అది తానై గాజుకడకు వచ్చుచుండెను.

ఆ మాసముననే వాని తరగతికి పరజిల్లానుండి ఒక క్రొత్త విద్యార్థి వచ్చెను. ఊరేది, పేరేది, ఏల వచ్చితివని అందరును చుట్టుముట్టిరి. అతడు తలవంచుకొని కడపటి బల్లకడ నిలచెను. మన బాలుడు ఏమియు అడుగలేదు. తన బల్లపై కొంచెము ప్రక్కకు జరిగి, చోటు చేసి, పుస్తకము తెరచుకొనెను. క్రొత్తవాడు వచ్చి కూర్చుండెను. మూడవనాడు అతడే మెల్లగా, “ఈ లెక్క నీకు వచ్చినదా?” అని అడిగెను.