పందిట్లో మా చొక్కా

ఆషాఢంలో మాకు పనుండదు. ముహూర్తాలు లేవు కాబట్టి కెమెరాలు సర్వీసింగుకి వెళ్తాయి, బాకీపడ్డ ఆల్బములు పెళ్లివారి ఇళ్లకు చేరతాయి, బట్టల కొట్ల ముందు తగ్గింపు బోర్డులు వేలాడతాయి. పెళ్లి ఫొటోలే వృత్తిగా బతుకుతున్న నేను ఏటా ఈ నెలలోనే టైలరు దగ్గరకు వెళ్తాను. నాకూ, నా దగ్గర పనిచేసే ముగ్గురికీ బట్టలు కుట్టించడం నా ఆషాఢమాసపు పని. లెన్సు కొనేటప్పుడు ఎంత ఆలోచిస్తానో, ఈ గుడ్డ ఎంచేటప్పుడూ అంతే ఆలోచిస్తాను.

"ఫొటో తీసేవాడు ఏం వేసుకుంటే ఏంటండీ, ఫొటోలో కనపడడు కదా" అంటారు కొత్తగా చేరిన కుర్రాళ్లు. కనపడతాం. మాంగల్యధారణ వేళ గట్టిమేళం మోగగానే పందిట్లో ఫోన్లన్నీ పైకి లేస్తాయి. ఆ ఫోన్లన్నిట్లోనూ వధూవరులకు అడ్డంగా ఉండేది మా వీపే. సెలవు దొరక్క అమెరికాలో ఉండిపోయిన అన్న, చెల్లెలి మెడలో తాళి పడటం లైవులో చూస్తుంటే తెరలో సగం మేమే ఉంటాం. ఆ క్షణంలో కన్నతల్లి కన్నా ఒక అడుగు దగ్గరగా నిలబడేది మేము. ఆ చోటు మాకు చుట్టరికంతో రాలేదు, నమ్మి ఇచ్చారు. అక్కడ నిలబడే మనిషి ఎలా ఉన్నాడన్నది నాకు చిన్న సంగతిగా ఎప్పుడూ తోచలేదు.

ఫిల్మ్ రోజుల్లో, ఈ పనిలో చేరిన రెండో ఏడు, కోనసీమలో ఒక పెళ్లికి వెళ్లాను. పగటి ముహూర్తం, ఇంటి ముందు తాటాకు పందిరి. బాగుంటుందని కొత్త ఎర్ర చొక్కా వేసుకున్నాను. పందిరి అంచున నిలబడ్డాను. పది గంటల ఎండ ఏటవాలుగా వచ్చి నా ఛాతీ మీద పడుతోంది, వధూవరులు నీడలో ఉన్నారు. జీలకర్ర బెల్లం పెట్టుకునేటప్పుడు బాగా ముందుకు వంగి ఆరు ఫ్రేములు తీశాను. రీలు కడిగించి చూస్తే మధుపర్కాలు గులాబీ రంగులో ఉన్నాయి. పెళ్లికూతురి చెంప మీద, నా వైపున్న చెంప మీద మాత్రమే, దెబ్బ తగిలి కందినట్టు ఒక ఎరుపు. కలర్ ల్యాబులో ప్రింట్లు వేసే పెద్దాయన నెగటివు వంక ఒకసారి చూసి, "ఆ రోజు ఏ చొక్కా వేసుకున్నావు?" అని అడిగాడు. ఇంకేమీ అడగలేదు. ఎరుపు తగ్గించి మళ్లీ వేశాడు. చీర తెల్లబడింది గానీ వెనకున్న మామిడాకుల తోరణం నీలంగా తిరిగింది, పెళ్లికొడుకు ముఖం పాలిపోయింది. ఒక్క చెంప వరకే రంగు దిద్దుకునే వీలు అప్పుడు మాకు లేదు. ఆ ఆరు ఫ్రేములూ అలాగే ఆల్బంలోకి వెళ్లాయి. నీడలో ఉన్న ముఖానికి వెలుతురు మళ్లించడానికి మేం తెల్ల థర్మోకోల్ షీటు పట్టుకుంటాం. ఆ పూట నా చొక్కా ఎర్రటి షీటయింది.

అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు చాలా దేశాల్లో నలుపు వేసుకుంటారు. నల్లగుడ్డ వెలుతురుని మింగేస్తుంది, ఎదుటివారి మీద రంగు చల్లదు. వెండి పళ్లెంలో, ఇత్తడి బిందెలో, కళ్లజోడు అద్దాల్లో మన నీడ అంతగా తెలియదు. కన్వెన్షన్ హాళ్ల రిసెప్షన్లకు ఇప్పుడు క్యాండిడ్ టీములన్నీ నల్ల టీషర్టుల మీద పేరు ముద్రించుకుని దిగుతున్నాయి. రిసెప్షనుకు సరే. ముహూర్తానికి మాత్రం నలుపు వద్దంటాను. అది మూఢనమ్మకమా కాదా అన్న చర్చ నేను పెట్టుకోను. ముందు వరసలో పెళ్లికూతురి అమ్మమ్మ కూర్చుని ఉంటుంది. ఆవిడ ఆ పూట మనవరాలిని కళ్లారా చూసుకోవాలి. మధ్యలో నల్లచొక్కా అడ్డం వచ్చి ఆవిడ మనసు చివుక్కుమంటే, ఆ బాధ నేను తెచ్చిపెట్టిందే అవుతుంది.

ఇందులో ఒక విశేషం ఉంది. కార్తీకంలో, మార్గశిరంలో మా కుర్రాళ్లలో ఎవరో ఒకరు అయ్యప్ప మాలలో ఉంటారు. నల్లబట్టలతోనే, మెడలో మాలతోనే పందిట్లోకి వస్తారు. అప్పుడు అదే అమ్మమ్మ "స్వామీ, కాస్త పక్కకు జరగండి" అని చేతులు జోడించి అడుగుతుంది. నలుపు అదే, పందిరి అదే. ఆ నలుపుకు కారణం ఆవిడకు తెలుసు, అంతే తేడా.

నలుపు కాదనుకున్నాక ఒక ఏడాది అందరికీ బూడిదరంగు కుట్టించాను. రంగు చల్లదు, ఎవరూ అశుభం అనరు. వైశాఖం వచ్చాక గానీ దాని సంగతి తెలియలేదు. బూడిదరంగు చెమటను అస్సలు దాచదు. చేతులెత్తి చేసే పని మాది, పైగా వీడియో లైటు వేడి. గంట తిరిగేసరికి చంకల కింద, వీపు మీద ముదురు మరకలు. పక్కన నిలబడేవాళ్లకు ఎలాగో ఉంటుంది, మనకూ ఎలాగో ఉంటుంది. అలా తిరిగి తిరిగి ముదురు నీలం దగ్గర ఆగాను. వెలుతురు విషయంలో దాదాపు నలుపంత నమ్మకమైనది, చెమటను దాస్తుంది, పందిట్లో ఎవరినీ నొప్పించదు.

గుడ్డ మాత్రం నూలే. లాజహోమంలో పేలాలు, నెయ్యి పడగానే మంట ఒక్కసారి లేస్తుంది. మేం దానికి మూరెడు దూరంలో మోకాళ్ల మీద ఉంటాం. నిప్పురవ్వ పడితే నూలుగుడ్డకు చిల్లు పడుతుంది, దులుపుకుంటే పోతుంది. పాలిస్టరు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నా కుడి ముంజేతి మీద మినపగింజంత మచ్చ ఒకటి ఉంది, అలా వచ్చిందే.

ఇక కుట్టు. పెళ్లిపీట జానెడు ఎత్తు కూడా ఉండదు. దాని మీద కూర్చున్నవాళ్ల కళ్లకు సమంగా లెన్సు దిగాలంటే గొంతుక్కూర్చోవాలి. మా వెనక మొదటి వరసలో ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. జారుడు జీన్సు, పొట్టి టీషర్టు వేసుకున్నవాడు వంగిన ప్రతిసారీ వాళ్లు చూపు తిప్పుకోవాల్సి వస్తుంది. నేను కళ్లారా చూశాను, చెప్పలేక వాళ్లు పడే అవస్థ. అందుకే చొక్కా కింది అంచు రెండంగుళాలు ఎక్కువ పెట్టమంటాను, ప్యాంటు తొడల దగ్గర వదులుగా కుట్టమంటాను. జేబులు రెండు, మూతలతో. కుడివైపు నిండు బ్యాటరీలు, ఎడమవైపు వాడేసినవి. చీకట్లో కూడా చెయ్యి తడబడకూడదు. చేతికి కడియం, బ్రాస్‌లెట్ లాంటివి వద్దు. ఒకసారి ఒక కుర్రాడి బ్రాస్‌లెట్ పెళ్లికూతురి మేలిముసుగు జరీలో చిక్కుకుంది. విడిపించే ఐదు నిమిషాలూ ఆ అమ్మాయి తల కదపకుండా కూర్చుంది.

చెప్పుల సంగతి అందరికీ తెలిసిందే, మండపం ఎక్కే ముందు విప్పాలి. లేసుల బూట్లు వేసుకొచ్చినవాడు వంగి ముడి విప్పేలోపు ముఖ్యమైన ఘట్టం ఒకటి దాటిపోతుంది. సాక్సులతో ఎక్కితే ఇంకా ప్రమాదం. కింద పసుపునీళ్లు, తలంబ్రాల బియ్యం, ఈమధ్య వాటిలో కలుపుతున్న థర్మోకోల్ పూసలు. వట్టి కాళ్లకే పట్టు దొరుకుతుంది. కాళ్లు ఎలాగూ అందరి ముందూ బయటపడతాయి కనుక కాలిగోళ్లు కూడా శుభ్రంగా ఉండాలని మా వాళ్లకు చెప్తాను.

సంచిలో ఎప్పుడూ ఒక పంచె, ఉత్తరీయం, ఒక తెల్లచొక్కా, పెద్ద చేతిరుమాలు ఉంటాయి. అన్నవరం కొండ మీద పెళ్లయితే పంచె కడతాను. మసీదులో నిఖా అయితే చేతిరుమాలు తలకు చుట్టుకుంటాను. తెల్లచొక్కా పెద్దకర్మకు. అదే ఇంట్లో పెళ్లి ఫొటోలు తీసినవాణ్ణని నమ్మి ఆ రోజుకూ పిలుస్తారు. అక్కడ ఫ్లాష్ కూడా తియ్యను.

హొమై వ్యారావాలా గురించి చదివినప్పుడు నాకు ఎవరో పెద్దదిక్కు దొరికినట్టనిపించింది. 1913లో పుట్టి 2012 దాకా జీవించిన ఆమె మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టు. చీర కట్టుకుని, బరువైన కెమెరా పట్టుకుని, స్వాతంత్ర్యం వచ్చిన నాటి ఢిల్లీని ఫొటోలు తీసింది. 1970లో పని మానేసింది. తమ కాలంలో ఫొటోగ్రాఫర్లకు కొన్ని నియమాలుండేవని, వేషధారణలో కూడా ఒక పద్ధతి పాటించేవారమని, అది పోయాక ఆ గుంపులో ఉండాలనిపించలేదని వృద్ధాప్యంలో చెప్పింది. 2011లో ఆమెకు పద్మవిభూషణ్ వచ్చింది. అంతటి మనిషి బట్టల మాట ప్రత్యేకంగా ఎత్తిందంటే అది ఊరికే కాదు.

మా దగ్గర ఈ ఏడు ఒక అమ్మాయి చేరింది. పెళ్లికూతుర్ని చేసే గదిలోకి, మేం వెళ్లలేని చోటికి, తను వెళ్తుంది. హైదరాబాదులో ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే పరదా పాటించే స్త్రీల కోసం విడిగా ఒక స్టూడియో పెట్టి, ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. ఎవరి ముందు ఎవరు కెమెరా పట్టుకోవాలన్న ఆలోచన మన దగ్గర అంత పాతది. ఈ అమ్మాయి మొదటి పెళ్లికి చున్నీ వేసుకొచ్చింది. వంగినప్పుడల్లా అది లెన్సు ముందుకు జారేది. బ్యాటరీలు పెట్టుకోవడానికి జేబు లేక చేతిసంచి మోసింది. మొన్న టైలరు దగ్గరకు తననూ తీసుకెళ్లాను. అదే ముదురు నీలంలో మోకాళ్ల దాకా చుడీదార్ టాపు, రెండు పక్కలా లోతైన జేబులు, చున్నీ అక్కర్లేకుండా కాలరు. "ఆడపిల్లల టాపుకి ఇంతేసి జేబులు ఎప్పుడూ పెట్టలేదండీ" అన్నాడు టైలరు. తను బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టి, దాని చుట్టూ సుద్దతో గీయించింది.

శ్రావణంలో మా మొదటి ముహూర్తానికి వారం ముందే బట్టలు ఇచ్చేయమని చెప్పి వచ్చాను. కొత్త నూలుగుడ్డ రెండు మూడు సార్లు ఉతికి గంజి వదిలించకపోతే, వంగినప్పుడల్లా గరగరమని చప్పుడు చేస్తుంది. మేళంలో వినపడదు గానీ, అప్పగింతల వేళ వినపడుతుంది.