చేసే చెయ్యి ఉంది, చూసే కన్నే లేదు

మేస్త్రీ వెనక టైరు మీద సుద్దముక్కతో ఒక గీత గీశాడు. ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఇంకో గీత. బండి వెనక భాగం జాకీల మీద లేచి ఉంది. ఇద్దరు కుర్రాళ్లు చెరోవైపు చక్రం పట్టుకుని ఒకే వేగంతో తిప్పుతున్నారు. మేస్త్రీ బండి కింద వెల్లకిలా పడుకుని, షాఫ్టుకు వేలు ఆనించి, గీత పైకి వచ్చినప్పుడల్లా పెదవులతో లెక్కపెట్టుకుంటున్నాడు. చక్రం ఒక్కసారి తిప్పితే తేడా తెలియదట. పదిసార్లు తిప్పితే దాక్కున్న తేడా ఎంత చిన్నదైనా బయటపడాల్సిందే.

వెనక లెక్క అయ్యాక స్టాండు మీద విడిగా ఉన్న ముందు యాక్సిల్ హౌసింగ్ దగ్గరికి వచ్చాడు. మళ్లీ గీతలు, మళ్లీ పది చుట్లు. అర చుట్టు తక్కువ వచ్చింది.

"ఇది పనికి రాదు. పక్కన పెట్టండ్రా" అన్నాడు.

బెంగళూరు శివాజీనగర్ గుజిరీలో బేరమాడి, టెంపోలో వేయించుకుని తెచ్చిన సామాను అది. దాన్ని వదులుకోవడానికి ఆయనకు పట్టిన సమయం ఆ ఒక్క మాట అనేంతే. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ ఇంజను బలం ట్రాన్స్‌ఫర్ కేసు గుండా పంచి పంపేటప్పుడు రెండు వైపులా పళ్ల నిష్పత్తి ఒకటిగా ఉండాలి. లేకపోతే ముందుది ఒక వేగం అడుగుతుంది, వెనకది ఇంకో వేగం అడుగుతుంది. బురదలోనైతే టైర్లు జారి ఆ తేడాను సర్దుకుంటాయి. గట్టి రోడ్డు మీద జారే వీలుండదు. షాఫ్టు మెలిపడుతుంది, చివరికి క్రాసో పళ్లో విరుగుతాయి. ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు విరిగితే లోపల పడుకున్నవాళ్ల గతేమిటి? మేస్త్రీ ఆలోచన అంతా అక్కడే ఉంది.

ఈ షెడ్డు గౌరిబిదనూరులో, హిందూపురం వెళ్లే దారి వైపు ఉంది. హిందూపురంలో ఉండే మా బంధువొకాయన వ్యవసాయ శాఖలో ఉద్యోగ విరమణ చేసి, ఒక ధర్మాసుపత్రి వేలం వేసిన పాత అంబులెన్సు కొన్నాడు. ఫోర్స్ ట్రావెలర్. భార్యను వెంటబెట్టుకుని కొండలూ అడవులూ తిరగాలని, రాత్రిళ్లు అందులోనే పడుకోవాలని ఆయన కోరిక. అందుకే దానికి ఫోర్ వీల్ డ్రైవ్ పెట్టిస్తున్నాడు. చూసి రాయమని మా సంపాదకుడు పంపాడు. రంగుల ఫొటోలతో సరదాగా సాగే కథనం ఆయన మనసులో ఉన్నట్టుంది. షెడ్డులో ఉన్నంతసేపూ నా చూపు మాత్రం ఆ సుద్ద అంటిన వేళ్ల మీదనే నిలిచింది.

లోపలి పని దాదాపు పూర్తయింది. స్ట్రెచర్ జారే పట్టాలను తీసి పారేయలేదు. వంట సామాను పెట్టె వెనక తలుపులోంచి బయటికి జారి వచ్చేలా ఆ పట్టాల మీదే బిగించారు. సెలైన్ సీసా వేలాడదీసే కొక్కేలు దీపాలకు పనికొచ్చాయి. పైకప్పుకున్న పట్టుకునే కమ్మి అలాగే ఉంది. నీళ్ల ట్యాంకు మాత్రం ఎక్కడ పెట్టాలన్నదాని మీద వాదన జరిగిందట. పైన పెడితే కుళాయికి ధార బాగుంటుందని యజమాని అన్నాడు. అరవై లీటర్లంటే అరవై కిలోలు, అంత బరువు నెత్తిన పెట్టుకుంటే మలుపులో బండి ఒరుగుతుందని మేస్త్రీ ఒప్పుకోలేదు. ట్యాంకు రెండు యాక్సిళ్ల మధ్య, నేలకు దగ్గరగా చేరింది.

ఆక్సిజన్ సిలిండర్ బిగించే చట్రం ఖాళీగా కనిపించింది. వంట గ్యాసు బండ పెట్టడానికి సరిగ్గా సరిపోతుంది కదా అని అడిగాను.

"సరిపోతాది సార్. దాంట్లో పెట్టకూడదు, అంతే. గ్యాసు గాలి కంటే బరువు. లీకైతే కిందనే నిలబడతాది. పండుకునేది కిందనే కదా?"

బండకు ఆయన బయటికి మాత్రమే తెరుచుకునే వేరే గూడు కట్టాడు. దాని అడుగున రంధ్రాలు పెట్టాడు. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు పాత ఆక్సిజన్ గొట్టాలన్నీ ఊడదీయించాడు. గ్రీజు చేత్తో వాటిని ముట్టనివ్వలేదు, ఎందుకంటే నూనె, ఆక్సిజన్ ఒకచోట చేరితే అంటుకుంటాయి. ఈ జాగ్రత్త ఆయనకు ఏ పుస్తకమూ నేర్పలేదు. చిన్నప్పుడు గురువు కొట్టిన దెబ్బతో వచ్చిందన్నాడు. ఆ గురువు దగ్గర ఈయన చెయ్యి తిరిగింది జోంగాల మీద. జబల్‌పూర్ సైనిక కర్మాగారంలో తయారైన ఆ ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లను సైన్యం అంబులెన్సులుగానూ వాడింది. వయసైపోయి వేలానికొచ్చిన జోంగాలను విప్పి బిగిస్తూ ఒక తరం మెకానిక్కులు ఈ విద్య నేర్చారు.

రంగు విషయంలోనూ ఆయనకు పట్టింపు ఉంది. యజమాని మిలిటరీ పచ్చ అడిగాడు. ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకు తప్ప ఎవరికీ వేయకూడదని మోటారు వాహనాల నియమావళిలోని 121వ నియమం చెబుతోంది. నియమం అంకె మేస్త్రీకి తెలియదు, విషయం తెలుసు. అందుకే బండికి ఇసుక రంగు పడింది. సైరన్, నీలం దీపం మొదటిరోజే దిగిపోయాయి.

టీ వేళకు పక్క షెడ్డు టింకర్ వచ్చి, ఫోర్ వీల్ ఎప్పుడు బిగిస్తావని అడిగాడు. మేస్త్రీ గ్లాసు కింద పెట్టి అన్న మాట ఇది: "బిగించేకి ఎంతసేపప్పా? చేసే చెయ్యి ఉండాది. చూసే కన్నే లేదు. సైను పెట్టే చెయ్యి ఇంకా లేదు."

ఇక్కడికి రాసుకోవడానికి వచ్చినవాణ్ణి. ఈ మాట విన్నాక నాకు కోపం వచ్చింది, అది ఇంకా చల్లారలేదు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. ఆ తీర్పుకు కారణం ఉంది. చట్రం కోసి, బ్రేకుల సంగతి పట్టించుకోకుండా, ఆడంబరం కోసం బండ్లను ఎత్తు చేసేవాళ్లు రోడ్ల మీద చాలామంది ఉన్నారు. వాళ్లను ఆపాల్సిందే. కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం కూడా ఉంది. అయితే టైపు ఆమోదం పద్ధతి ఒకే నమూనా బండ్లను వరసగా తయారుచేసే కంపెనీలను దృష్టిలో పెట్టుకున్నది. ఒక్క బండిని ఒక్కసారి మార్చే మేస్త్రీ అంత ఖర్చు, అంత కాలం ఎక్కడినుంచి తెస్తాడు? ఇక ప్రభుత్వ అంబులెన్సుల సంగతి. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దవుతోంది. చట్రం ఎంత గట్టిగా ఉన్నా అవి తుక్కుకే పోవాలి. కర్ణాటకలో 108 సేవ ‘ఆరోగ్య కవచ’ పేరుతో మొదలైంది 2008 నవంబరులో. ఆనాటి బండి ఏదైనా ఇంకా మిగిలి ఉంటే, దానికి ఆ గడువు దాటిపోయింది.

ఈ ట్రావెలర్ పుట్టుక జర్మనీలో ఉంది. 1977 నుంచి 1995 దాకా మెర్సిడెస్ చేసిన టీ1 వ్యాను దీని మాతృక. బజాజ్ టెంపో, అంటే ఇప్పటి ఫోర్స్ మోటార్స్, 1987లో దాన్ని మనకు తెచ్చింది. ముందు వైపు గట్టి యాక్సిల్, కమాన్ కట్టలు ఉన్న ఆ వ్యానుకే ఇగ్ల్‌హౌట్ అనే జర్మన్ సంస్థ ఫోర్ వీల్ డ్రైవ్ అమర్చేది. అక్కడ పాత అంబులెన్సును ఇల్లుగా మార్చుకున్నవాడు దాన్ని టీయూవీ లాంటి సంస్థకు తీసుకెళతాడు. ఇంజనీరు బండి కిందికి దూరి, బ్రేకులు పరీక్షించి, బరువు తూచి చూస్తాడు. బాగుంటే ఆ మార్పు బండి కాగితాల్లోకి ఎక్కుతుంది, బాగోకపోతే వెనక్కి పంపుతారు. అక్కడా చట్టం కఠినంగానే ఉంది. కానీ తలుపు తట్టినవాడికి పరీక్ష పెడుతుంది.

పరీక్ష అన్న మాటకు ఈ తాలూకాలో ఒక చరిత్ర ఉంది. ఇక్కడి హొసూరులో పుట్టి, కాలినడకన బెంగళూరు వెళ్లి చదువుకుని, భౌతికశాస్త్రం బోధించి, బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ అయిన హెచ్. నరసింహయ్య 1976లో మహిమలను శాస్త్రీయంగా పరీక్షించడానికి కమిటీ వేశారు. పరీక్షించకుండా ఏదీ నమ్మవద్దన్నది ఆయన జీవితమంతా చెప్పిన పాఠం. పరీక్షించకుండా దేన్నీ కొట్టిపారేయకూడదన్నది ఆ పాఠానికి రెండో సగం. మహిమలు చూపేవాళ్లు పరీక్షకు ముందుకు రాలేదు. ఈ మేస్త్రీ నన్ను పరీక్షించండని అడుగుతున్నాడు, పరీక్షించేవాడు లేడు.

ఇది ఒక విశ్రాంత ఉద్యోగి విహారయాత్ర గొడవ మాత్రమే అయితే నేనింత రాసేవాణ్ణి కాదు. పాడేరు కొండల్లో ఇప్పటికీ గర్భిణులను డోలీ కట్టి మోసుకొస్తున్నారు. రోడ్డు ఎక్కడ ఆగిపోతే అంబులెన్సు అక్కడే ఆగుతుంది. రోడ్డు వేయడమే అసలు పరిష్కారం, అందులో సందేహం లేదు. అది పడేదాకా, రాళ్ల దారిలో ఇంకో మూడు కిలోమీటర్లు పైకి వెళ్లగల బండి ఉంటే ఆ మోత అంత మేరకు తగ్గుతుంది. ఆ బండి చేయగల విద్య ఈ షెడ్డులో ఉంది. విహారయాత్ర బండికీ, కొండల అంబులెన్సుకూ అదే ట్రాన్స్‌ఫర్ కేసు, అదే లెక్క, అదే సుద్దగీత.

చక్రం తిప్పిన కుర్రాళ్లలో ఒకడు పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో చేరబోతున్నాడు. నెలనెలా జీతం, బస్సు, భోజనం ఉంటాయి. వెళ్లవద్దని మేస్త్రీ అనలేదు, నేనూ అనను. కానీ వాడు నేర్చుకున్న చుట్ల లెక్క అక్కడ ఎవరికీ అక్కర్లేదు. ఇక్కడ అక్కరుంది, ఆ పనికి కాగితం విలువ లేదు. ఇలా ఒక్కొక్కడే వెళ్లిపోతే ఇంకో ఇరవై ఏళ్లకు హౌసింగ్ విప్పడం తెలిసినవాడు దొరకడు. అప్పుడు కొండ ప్రాంతాలకు బండి కావాల్సి వచ్చినా, కంపెనీ చేసినప్పుడే, చెప్పిన ధరకే కొనాలి.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ప్రతి జిల్లా రవాణా కార్యాలయంలో నెలకు ఒక రోజు కేటాయించండి. పాలిటెక్నిక్ నుంచో ఇంజనీరింగ్ కాలేజీ నుంచో ఒక ఆటోమొబైల్ అధ్యాపకుణ్ణి కూర్చోబెట్టండి. మార్చిన బండిని తూకం వేయండి, వాలు మీద నిలబెట్టండి, బ్రేకు కొట్టించండి, వెల్డింగుల మీద సుత్తితో తట్టి చూడండి. తప్పిందా, ఎందుకు తప్పిందో కాగితం మీద రాసివ్వండి, వచ్చే నెల అది సరిదిద్దుకుని వస్తాడు. నెగ్గిందా, బండి కాగితంలో మార్పు రాసి, దాని కింద మేస్త్రీ పేరు కూడా రాయండి. పనికి బాధ్యుడెవరో అందరికీ తెలుస్తుంది, తప్పుడు పని చేసేవాడు భయపడతాడు. అర చుట్టు తేడాకు సొంత డబ్బు వదులుకున్నవాడు ఆ పరీక్షకు భయపడడు.