మన్సీ మైదానం

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో మన్సీ అనే పట్నం ఉన్నది. దాని శివార్లలో సుమారు వెయ్యి ఎకరాల మైదానం ఉన్నది. అది మనం ఎక్కి తిరిగే విమానాల కోసం కాదు. నేలమీద నిలబడి రేడియోతో నడిపే నమూనా విమానాల కోసం!

మా అబ్బాయి కాపురం ఇండియానాపొలిస్‌లో. 2019 వేసవిలో ఒకనాడు అతను నన్నూ, మనవణ్ణీ కారులో మన్సీకి తీసుకుపోయాడు. మనవడు ఎనిమిది నెలలు శ్రమపడి తేలికపాటి కర్రతో కట్టిన విమానం కూడా మావెంట ఉన్నది. దాని రెక్కలు ఆరడుగుల పైమాటే. ఇంజను మాత్రం ఇంకా కొనలేదు. ఇరుగుపొరుగువారి తోటల్లో గడ్డి కోసి వాడు కూడబెట్టిన డబ్బు ఒక్క ఇంజనుకే సరిపోతుంది. 35 సి.సి. పెట్రోలు ఇంజను పెట్టమని విమానం పటంలో ఉన్నది. వాడి మనసేమో 60 సి.సి. మీద ఉన్నది.

"పెద్ద ఇంజనైతే పల్టీలు ఇంకా బాగా కొడుతుంది, తాతయ్యా!" అన్నాడు.

ముందు అక్కడి మ్యూజియం చూశాం. పూర్వం నమూనా విమానాలను మెలితిప్పిన రబ్బరుతో ఎగరేసేవారు. 1933లో మాక్స్‌వెల్ బాసెట్ అనే యువకుడు, బిల్ బ్రౌన్ తయారుచేసిన చిన్న పెట్రోలు ఇంజను పెట్టి, జాతీయ పోటీలలో రబ్బరు విమానాలను ఓడించాడు. పెట్రోలు ఇంజన్లకు అప్పటినుంచీ పేరొచ్చింది.

తరవాత మైదానానికి వెళ్ళాం. పంకాలు తగిలితే వేళ్ళు తెగిపోతాయి గనక అందరమూ దూరంగానే నిలబడ్డాం. ఒక ముసలాయన మావాడి కోరిక విని నవ్వి, ఒక లీటరు నీళ్ళసీసా తెచ్చి విమానం ముక్కుకు కట్టాడు. "35 సి.సి. ఇంజను బరువు దాదాపు ఇంతే," అన్నాడు. ఆయన ఒక రెక్క కిందా, మావాడు మరో రెక్క కిందా, పటంలో గుర్తుపెట్టిన చోట వేలు ఆనించి ఎత్తారు. విమానం త్రాసుముల్లులాగా సమంగా నిలిచింది.

"60 సి.సి.ది ఇంకో అరకిలో ఎక్కువ," అంటూ ఆయన అరలీటరు సీసా కూడా కట్టాడు. వెంటనే ముక్కు కిందికి వాలిపోయింది!

"తోకలో సీసం పెడితే సరిపోదా?" అన్నాడు మావాడు.

"తూగుతుంది, బాబూ. కాని ఆ బరువంతా మొయ్యవలసింది ఈ రెక్కలే గదా! పెద్ద ఇంజనుకు పంకా కూడా పెద్దది కావాలి. 20 అంగుళాల పంకా బదులు 23 అంగుళాలది పెడితే, దాని కొస నేలకు అంగుళంన్నర దగ్గరవుతుంది. దిగేటప్పుడు తగిలి విరుగుతుంది. పెద్ద పిస్టను అదురుకు ఇంజను బిగించిన చెక్క వదులవుతుంది. అది ఊడిందంటే నీ ఎనిమిది నెలల శ్రమా ఒక్క నిమిషంలో పోతుంది," అన్నాడాయన.

తిరుగుప్రయాణంలో మావాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "35 చాలు, తాతయ్యా," అన్నాడు.

రెండు నెలలకు ఆ విమానం ఎగిరింది. పల్టీలు కొట్టింది. ముక్కు ఆకాశంవైపు ఎత్తి, ఒక్క క్షణం ఉన్నచోటనే గాలిలో నిలబడింది. పంకా లాగే బలం విమానం బరువుకు సమానమైతేనే అలా నిలబడుతుంది. మావాడి చిన్న ఇంజనుకు ఆ బలం ఉన్నది!